వంటింటి స్పీకరు

నాలుగేళ్లుగా ఒక మాటను మింగలేక కక్కలేక తిరుగుతున్నాను. వింటే చాలా చిన్న విషయం. ఒక స్పీకరు, ఒక పిన్ను. ఇదేమన్నా హత్యా, దొంగతనమా అని నాకు నేనే ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. అంత చిన్నదే అయితే మా ఆయనతో ఎందుకు చెప్పలేకపోయాను? ముఖం కూడా తెలియని మీతో ఎందుకు చెబుతున్నాను?

కరీంనగర్‌లో కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు మా ఆయనకు పాటల పిచ్చి పట్టుకుంది. ఇల్లంతా ఒకేసారి ఒకే పాట వినిపించాలట. హాలు, పడక గదులు, మా మామగారి గది, మేడ మెట్లు, చివరికి వంటిల్లు కూడా వదల్లేదు. అన్నింటి సీలింగుల్లో గుండ్రటి స్పీకర్లు పెట్టించారు. ఆ పని చేసింది జమ్మికుంట సదానందం. ఇరవై ఏళ్లుగా వైరింగు పనిలో ఉన్న నెమ్మదైన మనిషి. వైర్లన్నీ హాల్లో అల్మారాలో ఉన్న ఆంప్లిఫయరు వెనక్కి తెచ్చి, ఏ పిన్ను ఏ గదిదో ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీలు రాసి అంటించాడు. పని అయిపోయిన రోజు అన్ని గదులూ తిరిగి, ఒక్కో స్పీకరు కింద నిలబడి, తల పైకెత్తి విన్నాడు. అతని ముఖంలో సంతోషం నాకింకా గుర్తుంది.

ఇక మొదలైంది నా కర్మ. పాట ఎక్కడ మోగాలో, ఎక్కడ ఆగాలో ఫోన్లో నొక్కాలి. పొద్దున ఐదింటికి మామగారు భజనలు పెట్టేవారు. ఆయనకు చెవులు సరిగా వినపడవు, కాబట్టి ఇల్లు అదిరిపోవాలి. ఆరింటికి మా ఆయన పాత పాటలు. ఆరున్నరకు మా అమ్మాయి డప్పుల మోత. తమకు వద్దనుకుంటే ఎవరి గదిలో వాళ్లు ఆపేసుకునేవారు. వంటింట్లో ఆపాలని మాత్రం ఒక్కరికీ తట్టేది కాదు. అక్కడ ఉండేది నేనొక్కదాన్నే కదా! నేను సర్కారు బడిలో టీచరును. రోజంతా పిల్లల గోలే. పొద్దున ఆ రెండు గంటలే నాకంటూ దొరికే నిశ్శబ్దం. గోడకు ఒక స్విచ్చు పెట్టించమని మా ఆయనను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. "ఫోన్ల ఉన్నది గదా, ఒత్తుకో" అనేవారు. జొన్నపిండి చేతులతో ఫోను ఎలా ఒత్తాలి? ఒక రోజు ఆ మోతలో కుక్కరు కూతలు వినపడక పప్పు మాడిపోయింది. పప్పు మాడిందని ముగ్గురూ నన్నే అన్నారు. అప్పుడు కూడా పైన పాట మోగుతూనే ఉంది.

ఆ రోజే అల్మారా దుమ్ము తుడుస్తూ 'వంటిల్లు' అన్న చీటీ చూశాను. పిన్ను పీకేశాను. లాగితే ఊడి వస్తుంది, నొక్కితే లోపలికి పోతుంది, అంతే. వంటింట్లోకి వచ్చి నిలబడ్డాను. ఎంత హాయి! సాయంత్రం చెప్పేద్దామనే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కానీ ఈలోపే మా ఆయన చాయ్ కోసం వచ్చి, పాట రాకపోవడం చూసి, సదానందానికి ఫోన్ చేసి తిట్లు లంకించుకున్నారు. ఆ తిట్ల మధ్యలో దూరి "నేనే పీకిన" అనడానికి నాకు నోరు రాలేదు.

మర్నాడు అతను గేటు ముందు బండి ఆపుతుండగానే భయమేసి పిన్ను గుచ్చేశాను. పాట శుభ్రంగా వచ్చింది. అతను వెళ్లిపోయాక మళ్లీ పీకాను. మొదటిసారిది కోపం అనుకోండి. మరి రెండోసారిది? మూడోసారిది? అతన్ని అలా నాలుగుసార్లు జమ్మికుంట నుంచి రప్పించాను. వస్తే పాట వస్తుంది, పోతే ఆగుతుంది. లోపలెక్కడో జాయింటు వదులైందనుకుని పాపం సీలింగు రెండు చోట్ల కోశాడు. తను వేసిన జాయింట్లన్నీ తానే విప్పి మళ్లీ వేశాడు. నెత్తినిండా సున్నం పొడితో నిచ్చెన దిగితే నేను చాయ్ ఇచ్చాను. మా ఆయన నా ఎదుటే అతన్ని నానా మాటలూ అంటుంటే ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లాను. నా చిరాకంతా మా ఆయన మీద, ఆ మాయదారి ఫోన్ల మీద. అత్త మీది కోపం దుత్త మీద తీర్చుకోవడమంటే ఇదే.

చివరికి మా ఆయన హైదరాబాద్ నుంచి ఇంకొకతన్ని పిలిపించారు. అతను మీటర్లూ లాప్‌టాప్ పట్టుకొస్తున్నాడని వినగానే ఇక దొరికిపోతాననుకున్నాను. అతనొచ్చే రోజు పొద్దున్నే పిన్ను గట్టిగా నొక్కి, జన్మలో దాన్ని ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ కొత్తతను మూరెడు వైరేదో మార్చి వెళ్లాడు. ఆ తర్వాత పాట ఒక్కసారి కూడా ఆగలేదు. ఎందుకాగుతుంది? "పనోడంటే గట్లుండాలె" అని మా ఆయన ఊరంతా చాటారు. మంచిర్యాలలో కడుతున్న ఒక ఫంక్షన్ హాలు పని సదానందానికే అని ఖాయమై ఉండేది. ఆ హాలు యజమాని మా ఆయన స్నేహితుడు. ఆ పని వేరేవాళ్లకు పోయింది. నేను ఒట్టు పెట్టుకుని సాధించింది ఇదీ.

పోయిన నెల చుట్టాలింటికని జమ్మికుంట వెళ్లాను. పత్తి మార్కెట్ యార్డు ముందు బస్సు దిగాను. భుజం మీద తువ్వాలతో, ఒళ్లంతా దూదితో ఒక హమాలీ నన్ను చూసి ఆగాడు. సదానందం.

"మంచిగున్నరా మేడం? పాటలు వస్తున్నయా?"

"వస్తున్నయి. నువ్వేంది, ఇక్కడ?"

"వైరింగు ఇడిసిపెట్టిన మేడం. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. జాయింటు ఏస్తే సాలు, ఇది గూడ ఆగుతదా ఏంది అని ఒకటే ఫికర్." తువ్వాలతో ముఖం తుడుచుకుని మళ్లీ అన్నాడు. "ఆ కొత్తాయన తప్పు యాడున్నదో చెప్పిండా? పని కోసం కాదు మేడం. జర తెలుసుకుందామని."

"నాకేం తెలుస్తది సదానందం" అన్నాను.

అతను తలూపి వెళ్లిపోయాడు. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. చుట్టూ అంతమంది ఉన్నారు కదా అని ఆ రోజంతా నాకు నేనే సాకు చెప్పుకున్నాను. బడిలో పిల్లలు అబద్ధమాడితే గోడకు నిలబెట్టే టీచరమ్మను నేను! నా మీద నాకే రోత పుడుతోంది. మీరు క్షమించాలని చెప్పడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు కూడా.

అతను అడిగినదానికి జవాబు ఇదీ. సదానందం, నీ జాయింట్లలో ఒక్కటి కూడా వదులు కాలేదు. నీ పనిలో ఏ తప్పూ లేదు. పిన్ను పీకింది నేను. ఐదుసార్లు పీకాను.

రాసేశాను. నాకు కొంచెం ఊపిరాడుతోంది. అతనికి మాత్రం ఇంకా తెలియదు.