పాలగిన్నెలో మరిగిన వాల్వు

ఇది వైశాఖ మాసం, ఈ రోజు ఆదివారం. మా మరిది చనిపోయాడని పోయిన వారమే కొల్లాపూర్ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. రేపు ఆ పిల్ల మొదటిసారి ఒంటరిగా, తండ్రి వ్యానులో మామిడికాయలు వేసుకొని గద్వాలకు బయలుదేరుతోంది. ఆమె బండి ఎక్కేలోపు ఆయన గురించి రాయాలనుకున్నాను.

ఆయన వ్యాను నడిపేవాడు, దాని రిపేరూ తనే చేసుకునేవాడు. నేను వనపర్తిలో సైన్సు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఒకరోజు ఆయన నా వంటింట్లోకి నేరుగా వచ్చి, పాలగిన్నెలో నీళ్లు పోసి, అందులోకి ఏదో వస్తువును దారంతో వేలాడదీశాడు.

"ఏంది నువ్వు జేసే పని? పాలగిన్నెల ఇనుప ముక్క ఉడకబెడ్తవా?"

"ఇనుము గాదు వదినె, ఇత్తడి. థర్మోస్టాట్ వాల్వు. జర నీళ్లు కాగేదాక సూడు, తర్వాత తిట్టు."

నీళ్లు మరగకముందే ఆ వాల్వు పళ్లెం మెల్లగా పైకి లేచింది. ఇత్తడి డబ్బీలో మైనం ఉంటుందనీ, వేడికి అది కరిగి ఉబ్బుతుందనీ నేను చెప్పాను. ఉబ్బిన మైనం పళ్లాన్ని నెడితే దారి తెరుచుకుంటుందనీ, అప్పుడే ఇంజిన్‌లోని వేడి కూలెంటు నీళ్లు రేడియేటర్‌కు పోయి చల్లారుతుందనీ ఆయన అందుకున్నాడు. కూలెంటు చల్లబడితే మైనం ముడుచుకుంటుంది, స్ప్రింగు మళ్లీ తలుపు మూస్తుంది.

"నీకు గూడ లోపల మైనమే ఉంది వదినె. స్ప్రింగే జర గట్టిది" అని నవ్వాడు.

చాయ్ వేరే గిన్నెలో పెట్టి ఇచ్చాను. ఆ పాలగిన్నెలో మళ్లీ పాలు కాచలేదు.

మా వైపు చాలామంది ఈ వాల్వును పీకేస్తారు. పాలమూరు ఎండలకు ఇదెందుకని వాళ్ల వాదన. మా మరిది కూడా వయసులో ఉన్నప్పుడు అదే చేశాడు. ఆ చలికాలం తెలకపల్లి దారిలో ఇంజిన్ ఎంతకూ వేడెక్కలేదు. పొగ కక్కింది, డీజిల్ తాగింది. అప్పటి నుంచి ఆయన మాట ఒకటే: "సల్లగుంటే సాలదు వదినె, సమంగుండాలె." రోజూ పొద్దున బండి స్టార్ట్ చేసి, రేడియేటర్ పై గొట్టం మీద అరచెయ్యి పెట్టేవాడు. గొట్టం వెచ్చబడితే తలుపు తెరుచుకున్నట్టు. అప్పుడు గాని బానెట్ మూసేవాడు కాదు.

నిన్న ఆయన కూతురు ఖాళీ వ్యాను తీసుకొని మా ఇంటికి వస్తుంటే దారిలో ఇంజిన్ కాగిపోయి ఆవిరి కక్కింది.

"వాల్వు పీకిపారేస్త పెద్దమ్మా. మెకానిక్ గూడ గట్లనే అన్నడు. లోడుతోని పోతుంటె ఇంజిన్ పట్టేస్తే మా బతుకేం గావాలె?"

"ముందు దాన్ని ఇప్పుకొని రా. ఎందుకు కాగిందో సూడకుండ పీకుడేంది?"

అటక మీది పాలగిన్నె దించాను. నీళ్లు కుతకుతా ఉడికాయి. పళ్లెం కదల్లేదు.

"సచ్చిపోయింది" అంది. అంతే, పొయ్యి దగ్గరే కూలబడి ఏడ్చింది. దహనం రోజు కూడా ఆ పిల్ల ఏడవలేదు. నేను ఆపలేదు. పొయ్యి మాత్రం ఆర్పాను.

ఆమె తేరుకున్నాక అన్నాను: "తలుపు బిగుసుకుంటే కొత్త తలుపు పెడ్తం. తలుపే లేకుండ ఎవలన్న ఇల్లు ఇడిసిపెడ్తరా?"

ఎంత వేడికి తెరుచుకోవాలో చెప్పే డిగ్రీ అంకె పాత వాల్వు మీద ఉంది; అదే అంకె ఉన్న కొత్త వాల్వు తెచ్చుకున్నాం. దాన్నీ అదే గిన్నెలో వేలాడదీశాం. పళ్లెం లేచింది.

"తెరుసుకుంది!" అని అరిచింది, అచ్చం వాళ్ల నాన్నలాగే. నా కళ్లద్దాలకు ఆవిరి పట్టింది. తుడుచుకోవడానికి కొంత సమయం పట్టింది.

సాయంత్రానికల్లా వాల్వును తనే బిగించింది. ఇక ఆ పిల్ల పాటించవలసినవి:

1. ఎవరు చెప్పినా వాల్వు పీకకూడదు.
2. బయలుదేరే ముందే, ఇంజిన్ చల్లగా ఉండగా, కూలెంటు చూసుకోవాలి. వేడి మీద రేడియేటర్ మూత ముట్టరాదు.
3. పాలగిన్నె ఇక వ్యానులోనే ఉండాలి. దానికి కట్టిన దారం విప్పవద్దు.
4. స్టార్ట్ చేశాక చున్నీ నడుముకు బిగించి, ఫ్యానుకు దూరంగా నిలబడి, నాన్నలాగే పై గొట్టం మీద చెయ్యి పెట్టాలి. మొదట చల్లగానే ఉంటుంది. కంగారు పడవద్దు. చెయ్యి అక్కడే ఉంచితే, కాసేపటికి వెచ్చబడుతుంది.