అనసూయక్కకు నేను ఎంచిన పెనం

ఆరేళ్లయింది. ఈ సంగతి నా భార్యకు చెప్పలేదు, చర్చిలో పాస్టరుగారికి చెప్పలేదు. ఆదివారం అందరితో కలిసి పాపం ఒప్పుకుంటాను కానీ, అంతమంది గొంతుల్లో నా గొంతు నాకే వినిపించదు, వినిపించనంత చిన్నగానే పలుకుతాను. లోపల మాత్రం అది ఎప్పుడూ ఉంటుంది. అన్నం తింటున్నా ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఇదీ పిరికితనమే, తెలుసు.

పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీలో స్టోర్స్ చూసేవాడిని. ఉండేది ఇంద్రేశంలో. మా గోడ అవతలి ఇల్లు సత్తయ్య బావది. చుట్టరికం ఏమీ లేదు. పక్కపక్కన ఉంటూ ఉంటూ ఆయన బావ అయ్యాడు, ఆయన భార్య అనసూయ అక్క అయింది. బావ ఈత చెట్లు గీసి కల్లు దింపేవాడు. లేఅవుట్లు పడి చెట్లు ఒక్కొక్కటే పోతుంటే, మిగిలిన వాటితో ఇల్లు గడవదని తేలిపోయింది. అప్పుడు అక్కకు ఒక ఆలోచన వచ్చింది. చలికాలంలో పులియని నీరా దింపించి, పెరట్లోనే మరగబెట్టి, చిక్కటి పాకం చేసి కొత్త విల్లాల వాళ్లకు సీసాల్లో అమ్మాలని. చక్కెర మానేసిన వాళ్లు అలాంటి వాటి కోసమే వెతుక్కుంటున్నారట.

పెనం దగ్గర చిక్కు వచ్చింది. మొదట పెద్ద గుండిగలో మరగబెట్టారు. లోతు ఎక్కువ కావడంతో ఆవిరి జల్దీ పోలేదు, గంటల తరబడి ఉడికి పాకం నల్లబడి చేదెక్కింది. ఇనుప కడాయిలో చేస్తే ఇనుము వాసన. అల్యూమినియం అడుగంటింది. రాగిదైతే మంచిదే కానీ, కళాయి పూసేవాడు ఇప్పుడు ఎక్కడున్నాడు? వెడల్పుగా, జానెడు లోతుకు మించకుండా, అడుగు మందంగా ఉన్న స్టీలు పెనం కావాలని తేలింది. కంపెనీలో పనిచేసేవాణ్ని కదా, స్టీలు సంగతి నాకే తెలియాలని నన్ను వెంట రమ్మన్నారు. నేనూ పెద్దమనిషిలా బయల్దేరాను. మంచి స్టీలుకు అయస్కాంతం అంటదని జేబులో ఒక ముక్క కూడా పెట్టుకున్నాను, నా షోకు చూడండి.

మా దగ్గర పెద్ద పాత్ర కావాలంటే పాత్రల దుకాణానికి పోరు, స్క్రాపు దుకాణానికి పోతారు. కంపెనీల నుంచి వచ్చిన నీలం డ్రమ్ముల్లోనే ఇళ్లలో నీళ్లు పట్టుకుంటాం, పెళ్లిళ్లకు అవే వరసగా పెడతాం. అందులో ముందు ఏముండేదని అడిగేవాడు ఉండడు. కడిగితే పోతుందని మా అందరి నమ్మకం.

ఆ దుకాణంలో ఒక ట్రే గోడకు ఆనించి ఉంది. మందమైన స్టీలు, గుండ్రటి మూలలు, అద్దంలా మెరుస్తోంది. బావ ముఖం వెలిగిపోయింది. నేను వంగి మూల మీద కొట్టిన నంబరు చూశాను.

అది మా కంపెనీ ట్రే. మాస్కు లేకుండా ఎవరినీ రానివ్వని బ్లాకులో మందుపొడి ఆరబెట్టే ట్రే. ఆ పొడి మనిషిని ఏం చేస్తుందో పూర్తిగా నాకు తెలియదు, చేతులతో తాకరాదని గోడ మీది బోర్డు మాత్రం రోజూ చదివేవాణ్ని. పాతబడిన ట్రేలను ఎవరూ వంటకు వాడకుండా కోత మిషనుతో ముక్కలు చేసి గానీ గేటు దాటించకూడదు. స్టోర్స్ మనిషి పక్కన నిలబడి చూసి సంతకం పెట్టాలి. ఆ మనిషిని నేనే. ఆ ట్రేలు బయటికి పోయిన రోజు మిషను చెడిపోయి ఉంది. లారీవాడు తొందర పెట్టాడు, నాకూ ఆకలిగా ఉంది. స్క్రాపు వాళ్లే కోసుకుంటారులే అనుకుని, ముక్కలు చేశామని రాసి ఉన్న చోట సంతకం పెట్టి భోజనానికి పోయాను.

“తమ్మీ, గిది మంచిదేనా? నువ్వు సూసి చెప్పు, మాకేం తెల్వది,” అంది అక్క.

“మంచిదే అక్కా. గట్టి మాలు. చింతపండు పెట్టి రుద్దు, నాలుగుసార్లు నీళ్లు మరగబెట్టి పారబొయ్యి.”

“ఇంతకుముందు దీంట్ల ఏం చేసిండ్రో ఏమో,” అన్నాడు బావ.

“బిస్కెట్ల కంపెనీది అయ్యుంటది బావా.”

“నువ్వన్నవంటే అయిపాయె ఇగ,” అంది అక్క. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ట్రాలీలో ఎక్కించారు.

బిస్కెట్ల కంపెనీ అని నన్ను ఎవరు చెప్పమన్నారు? వద్దు అని ఒక్క మాట అంటే చాలదా? వద్దంటే ఎందుకని అడుగుతారు, కారణం చెబితే దుకాణంవాడు వింటాడు, నంబరు బయటపడుతుంది, నా సంతకం బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది. ఆ కాసేపట్లో ఇదంతా ఆలోచించానా? ఆలోచించలేదు, భయపడి నోరు దానంతట అదే అబద్ధమాడింది అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అయస్కాంతం తీసి ట్రేకి తాకించి తల ఊపింది కూడా నోరేనా?

పెనం బ్రహ్మాండంగా కుదిరింది. పాకం తేనెరంగులో దిగింది. మొదటి సీసా అక్క మా ఇంటికే పంపింది. నేను దాన్ని బాత్రూములో పారబోసి, చీమలు పట్టాయని నా భార్యకు చెప్పాను. నా తప్పు ఎక్కడ ఉందని ఎవరైనా అడిగితే దుకాణం కంటే ముందు ఈ బాత్రూమే చూపిస్తాను. నా పిల్లలకు పెట్టకూడదని తెలిసినవాణ్ని, గోడ అవతల వాళ్లు రోజూ తింటుంటే ఊరుకున్నాను.

రెండేళ్ల కింద బావ కిడ్నీలు పాడయ్యాయి. ఇప్పుడు వారానికి రెండుసార్లు సంగారెడ్డిలో డయాలసిస్. ఒక్కోసారి నా బండి మీదే తీసుకెళ్తాను. డాక్టరు షుగరు గురించి అడిగాడు, నొప్పి బిళ్లల గురించి అడిగాడు, ఏ నీళ్లు తాగుతారని అడిగాడు. పెనం గురించి అడగాలని ఆయనకు ఎలా తోస్తుంది? నేను పక్క కుర్చీలో ఫైలు పట్టుకుని కూర్చున్నాను. పెనం వల్లనే అని నేను చెప్పలేను. కాదనీ చెప్పలేను. చింతపండుతో మొత్తం పోయి ఉండవచ్చు, మా నీళ్లే అలాంటివి కావచ్చు. ఆ తెలియకపోవడాన్ని అడ్డం పెట్టుకునే ఇన్నాళ్లు బతికాను.

బావ చెట్టెక్కలేడు. వేరేవాళ్లు నీరా దింపి తెచ్చిస్తే అక్క మరగబెడుతుంది. ఇల్లంతా దాని మీదే నడుస్తోంది. పోయిన చలికాలం నేను కొత్త స్టీలు రేకుతో పెనం చేయించి ఇచ్చాను. ఎంత మురిసిపోయిందో! పది రోజులకు గోడ దగ్గరికి వచ్చింది.

“తమ్మీ, ఏమనుకోకు. కొత్తదాంట్ల అడుగంటుతుంది. నా చెయ్యి పాతదానికే అలవాటైంది.”

“మరి పాతది నాకియ్యి అక్కా, అమ్మేస్త.”

“దాన్ని అమ్ముతమా? మా ఇల్లు నిలవెట్టింది గదా. నువ్వు ఎంచిందే గదా!”

కొత్త పెనంలో ఇప్పుడు మిరపకాయలు ఎండబెడుతోంది. ఆ రోజు నాకు పాకం వేసిన చాయ్ ఇచ్చింది. మొత్తం తాగాను. అప్పటి నుంచి ఎప్పుడిచ్చినా తాగుతున్నాను. తాగితే వాళ్లతో సమానమవుతానా? కాను. అయినా తాగుతున్నాను, ఇంకేం చేయాలో నాకు తోచడం లేదు.

ఆ కంపెనీ మానేసి ఏడాది దాటింది. ఉద్యోగం పోతుందన్న భయం లేదు. మరి ఎందుకు చెప్పను? చెబితే, బావ చాయ్‌లో రోజూ తన చేత్తో పోసింది ఏమిటో అక్కకు తెలుస్తుంది. అది ఆమె ఎలా తట్టుకుంటుందని నన్ను నేను ఆపుకుంటాను. ఇది ఆమె మీద జాలా, లేక కొత్త సాకా? నిజంగా తేల్చుకోలేకపోతున్నాను. చెప్పకపోతే ఆమె రేపూ ఆ పెనమే పొయ్యి మీద పెడుతుంది.

ఆమెతో అనవలసిన మాటలు ఇవి. అక్కా, అది మా కంపెనీ పెనం. అందులో మందుపొడి ఆరబెట్టేటోళ్లు. దుకాణంల చూడంగనే నాకు తెలిసింది. తెలిసే మంచిదన్న.

ఆరేళ్లలో ఈ మాటలు పూర్తిగా బయటికి రావడం ఇదే మొదటిసారి. ఆమెకు మాత్రం ఇంకా చెప్పలేదు.