బెత్తెడుజాతి గెలిచిన యుద్ధం

నా చిన్నప్పుడు రేపల్లె బస్సుల్లో పట్టుకునే కడ్డీ నాకు అందేది కాదు. ఇప్పుడూ అందదు. ప్రభుత్వాలు మారాయి కానీ ఈ విషయంలో పురోగతి లేదు.

మా వీధిలో ఎత్తుకు చాలా విలువ. తెనాలిలో కాలేజీ చదివే పక్కింటి అక్క సెలవులకు వచ్చినప్పుడు సాయంత్రాలు మాకు తను అల్లిన కథ చెప్పేది. అందులో తాటిచెట్టంత మనుషులది తాటిజాతి, బెత్తెడంత మనుషులది బెత్తెడుజాతి. తాటివాళ్లు కొండలు పెకలించి విసిరేవారు. బెత్తెడువాళ్లు వాటి కింద పడేవారు. మర్నాడు ఆ యుద్ధాలే మా ఆట. గోడ పక్కన నిలబెట్టి, ఎత్తును బట్టి జాతి తేల్చేవారు. తాటిరాజు ఎప్పుడూ అక్క తమ్ముడే. మొదట చచ్చేది ఎప్పుడూ నేనే. చచ్చినవాడు ఆట ముగిసేదాకా కదలకూడదు, చీమలు కుట్టినా సరే. ఒక్కసారైనా చివరిదాకా బతకాలన్నది ఆ వేసవిలో నా ఏకైక ఆశయం.

అది అక్క ఎలా కనిపెట్టిందో తెలియదు. ఒకరోజు కథలోకి ఆఖరి యుద్ధం తెచ్చింది. రెండు జాతుల నుంచి ఒక్కొక్క వీరుడే రావాలి, బెత్తెడువాళ్ల తరఫున నేను. యుద్ధభూమి, కాలువలో కట్టేసి ఉన్న మా తాతయ్య చేపల పడవ. నీళ్లలో పడ్డవాడు ఓడినట్టు.

తాటిరాజు వెంటనే ఒప్పుకున్నాడు. వాళ్లది వరి పండించే కుటుంబం, పడవను గట్టు మీద నుంచి చూడటమే. మాది చేపలవేట మీద బతికే ఇల్లు. నడక కన్నా ముందు మాకు నేర్పేది ఒకటే: పడవలో లేచి నిలబడకు.

నేను పడవ అడుగున చతికిలబడ్డాను. వాడు రాజులా నిటారుగా నిలబడి తాటిమట్ట ఎత్తాడు.

"లేచి యుద్ధం చెయ్యరా పొట్టోడా!"

"ఇక్కడ బానే ఉందిలే అన్నా."

గట్టు మీద పిల్లలు నవ్వారు. వాడు కోపంగా ఒక్క అడుగు బలంగా వేశాడు. పడవ మర్యాదగా పక్కకు ఒరిగింది. తాటిరాజు నీళ్లలోకి వేంచేశాడు, తల ముందుగా. నడుంలోతు నీళ్లే కాబట్టి అక్కడ మాత్రం ఎత్తు అక్కరకొచ్చింది.

నన్ను భుజాలకెత్తుకుని వీధంతా ఊరేగించారు. అంత ఎత్తు నుంచి లోకాన్ని చూడటం అదే మొదలు, ఫరవాలేదనిపించింది. బెత్తెడుజాతి తన చరిత్రలో తొలిసారి సాయంత్రం టిఫిన్ దాకా బతికింది.

అప్పటినుంచీ ఎంత పెద్దవాడు ఎదురొచ్చినా నేను భుజాలు చూడను, అతను నిలబడ్డ చోటు చూస్తాను. ఉద్యోగమంతా దాంతోనే నెట్టుకొచ్చాను.

మొన్న మా మనవడు ఫోన్‌లో రాక్షసులతో పోరాడుతుంటే, తెలివి ముందు బలం ఎలా ఓడుతుందో చెబుతూ ఈ కథ వినిపించాను. గర్వం కాస్త ఎక్కువే కలిపాను. మమ్మల్ని చూడటానికి వచ్చిన ఆ పక్కింటి అక్క, ఇప్పుడు తనూ అమ్మమ్మే, కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"తెలివేంట్రా? కాళ్లు వణికి కూర్చున్నావు. నేను చూశాగా."