నాలుగింతలైన పొడి

కరోనా తగ్గి ఆఫీసులు మళ్లీ తెరిచిన ఏడాది, హైటెక్ సిటీలోని ఒక మందుల ల్యాబులో నన్ను కణ పరిమాణ విభాగానికి మేనేజరుగా వేశారు. విభాగమంటే మహా సామ్రాజ్యం: ఒక మైక్రోస్కోపు, దానికి తగిలించిన కెమెరా, ఒక కంప్యూటరు, అనలిస్టు స్వప్న, నేను. పొడిని నూనె చుక్కలో కలిపి గాజు పలక మీద పరిస్తే కెమెరా ఫొటో తీస్తుంది. సాఫ్ట్‌వేరు ఒక్కో రేణువు చుట్టూ గీత గీసి, దాని వెడల్పును మైక్రాన్లలో చెబుతుంది. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మా ఇంట్లో నా అధికారం విస్తరించిన మేర కూడా అంతే.

ఒక సోమవారం జీడిమెట్లలోని ఫ్యాక్టరీ నుంచి, మందును పొడి చేసే మిల్లు ఇన్‌ఛార్జి యాదగిరి కంటి ఆయింట్‌మెంటులో కలిపే పొడి పట్టుకొచ్చాడు. రేణువు పెద్దదైతే అది మందు కాదు, కంట్లో నలుసు. ఇరవై మైక్రాన్ల దగ్గర ఉండాల్సింది, సాఫ్ట్‌వేరు ఎనభై అంది. యాదగిరి ముఖం మాడిపోయింది. అతని పొడి అప్పటికే ఒకసారి తిరిగొచ్చింది. మళ్లీ వస్తే మిల్లు మీంచి తప్పిస్తామని ఫ్యాక్టరీ పైవాళ్లు తేల్చి చెప్పారు.

“ఏంది సార్, గిట్ల చూపిస్తుంది? మస్తు మెత్తగ పట్టినం. జర మల్లొక్కసారి చూడుండ్రి.”

పక్కనే ఉన్న మా డైరెక్టరు మూర్తిగారిది కాకినాడ. “యంత్రం అబద్ధమాడదండీ. మిల్లులో బఠాణీలు గానీ ఆడించారేమో చూసుకోండి,” అన్నారు.

స్వప్న ఇంకో పలక పెట్టింది. మళ్లీ ఎనభై. అప్పుడామె గాజు స్కేలు తీసింది. దాని మీద గీతలు పది మైక్రాన్ల ఎడంలో చెక్కి ఉంటాయి. తగాదా వస్తే దాన్ని కొలవాలన్నది మా పద్ధతి. సాఫ్ట్‌వేరు ఆ ఎడాన్ని నలభై అంది. ఆ లెక్కన నేను ఇరవైమూడడుగుల మహాకాయుణ్ణి.

వంగి చూస్తే, పది రెట్ల లెన్సు ఉండాల్సిన చోట నలభై రెట్లది ఉంది. సాఫ్ట్‌వేరు మాత్రం పాత లెన్సే అనుకుని లెక్క కడుతోంది.

“శనివారం విజిటర్లకు మైక్రోస్కోపు చూపించింది మీరే కద సార్?” అంది స్వప్న మూర్తిగారితో.



“పెద్దగా కనిపిస్తే ముచ్చటగా ఉంటుందని పెద్ద లెన్సుకు తిప్పానండీ,” అన్నారు మూర్తిగారు. మళ్లీ వెనక్కి తిప్పడం మరిచారట.

లెన్సు మార్చి కొలిస్తే ఇరవై వచ్చింది. “ఇగ బఠాణీలు ఎవరు ఆడించినట్టు సార్?” అన్నాడు యాదగిరి. మూర్తిగారు జీడిమెట్లలోని పైవాళ్లకు ఫోన్ చేసి, పొడి బాగుందని, తప్పు తనదేనని స్వయంగా చెప్పారు. యాదగిరి మిల్లు యాదగిరికే ఉండిపోయింది.

ఆ వారం నుంచి ఏ నమూనా పెట్టినా ముందు గాజు స్కేలును కొలిచాం. కొలత తేడా వస్తే మనిషిని అనుమానించే ముందు కొలబద్దను అనుమానించాలి. దాన్ని ఆఖరున తాకింది ఎవరో, హోదా చూడకుండా అడగాలి.