నిమ్మరసం పిండిన ఆపిల్ ముక్కలు

మా ఇంట్లో ఆపిల్ పండు ఎవరూ కొనరు. అది దానంతట అదే వచ్చే పండు. ఎవరికైనా జ్వరం తగిలితేనో, ఆపరేషన్ అయితేనో చుట్టాలు సంచిలో వేసుకొచ్చే పండు. మా నకిరేకల్ బస్టాండు దగ్గర బండి మీద ఆపిల్ పండ్లు ఏరుతున్న మనిషి కనబడితే, "ఎవరికి పానం బాగలేదే?" అని అడుగుతారు. ఆయన తినడానికే కొంటున్నాడేమో అన్న అనుమానం ఎవరికీ రాదు.

మా మామకు, అంటే మా ఆయన తండ్రికి, బుగ్గ లోపల పుండు లేచింది. ఏళ్ళ తరబడి జర్దా పెట్టుకున్న జాగాలోనే లేచింది. అది మానక, హైదరాబాదులో ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చిన రోజు నుంచి ఆపిల్ పండ్లు మా ఇంటి మీదికి దండెత్తాయి. మామది నిమ్మతోట. నిమ్మకాయల మార్కెట్‌లో ఆయన్ని ఎరగని మనిషి లేడు. వాళ్ళంతా మందలించడానికి వచ్చారు. మా వైపు మందలించడమంటే తిట్టడం కాదు, బాగోగులు అడిగి పోవడం. ప్రతివాళ్ళూ ఒక బ్రెడ్డు ప్యాకెట్టు, ఒక సంచి ఆపిల్ పండ్లు మంచం మీద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కొని, ఇదే జబ్బుతో పోయినవాళ్ళ ముచ్చట్లు ఆయన ముందే మొదలుపెట్టేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. చాయ్ చల్లార్చి ఇచ్చేదాన్ని, తొందరగా తాగి లేస్తారని.

కుట్లతో ఉన్న నోటికి ఆపిల్ ఎక్కడ నములుడు పడుతుంది? పండ్లు గంపలో నిండాయి, మంచం కిందికి చేరాయి, బియ్యం డ్రమ్ము మీదికెక్కాయి. ఇల్లంతా పండ్ల దుకాణం వాసన. వాడకట్టు పిల్లలకు పంచుదామని నేనంటే మా అత్త ఒప్పుకోలేదు.

"ఆయన మంచిగ కావాలని తెచ్చిన పండ్లు. ఆయన కడుపులకే పోవాలె. పంచిపెడితే ఆయన బాగుడంత పంచిపెట్టినట్టే," అంది.

అత్తతో వాదించి గెలిచినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. మామ కూడా ఎన్నడూ ప్రయత్నించలేదు. అందుకని నేను మా తల్లిగారింటి ఉపాయం చెప్పాను. మాది షాద్‌నగర్ పక్క ఊరు. అక్కడ సీతాఫలాల కాలంలో ఆడవాళ్ళంతా గుండ్రంగా కూర్చొని గింజలు తీసి, గుజ్జు కవర్లలో నింపి, గట్టిగా గడ్డకట్టిస్తారు. ఐస్‌క్రీమ్ చేసేవాళ్ళు వచ్చి పట్టుకపోతారు. సీతాఫలం ఆగినప్పుడు ఆపిల్ ఎందుకు ఆగదు? మామకు నోట్లో కుట్లు మానాక రోజూ ఇన్ని తీసి పెట్టొచ్చు. తెలంగాణ వచ్చిన కొత్తలో కొన్న ఫ్రిజ్ మాది. దాని పై అరలో మంచు తప్ప ఏమీ ఉండేది కాదు.

అత్త తొక్క తీసింది, నేను గింజల భాగం తీసేసి ముక్కలు కోశాను. కోసినవి కోసినట్టే ఎర్రబడుతున్నాయి. ఆపిల్‌తో అదే చిక్కు. అత్తకు వెంటనే వంకాయ గుర్తొచ్చింది.

"ఉప్పు నీళ్ళల్ల వెయ్యి. వంకాయ ముక్కలు నల్లబడకుండ వేస్తలేమా? గట్లనే."

మంచం మీది నుంచి మామ లేచి కూర్చున్నాడు. ఆపరేషన్ తర్వాత ఆయన అంత హుషారుగా లేవడం అదే మొదలు.

"నిమ్మతోటోళ్ళ ఇంట్ల ఉప్పు నీళ్ళా? బయట తెలిస్తే ఇజ్జతుంటదా? నిమ్మకాయ పిండితే ముక్క తెల్లగ మల్లెపువ్వు లెక్కుంటది. ఇటు తేండ్రి."

ఒళ్ళో గిన్నె పెట్టుకొని తానే పిండాడు. తన తోట కాయలే. రసం ఎక్కువ కారే కాయను తొక్క చూసే పోల్చి, పెళ్ళి షర్బత్‌కు పిండినట్టు పిండాడు. చెంచా రసం సరిపోయే చోట దోసెడు పోశాడు. మేమెవరం ఆపలేదు. ఆపరేషన్ తర్వాత ఆయన ముఖంలో నవ్వు చూసింది అప్పుడే, ఇంక రసం కొలిచేదెవరు? ముక్కలు నిజంగానే తెల్లగా మెరిశాయి. పళ్ళెంలో విడివిడిగా పరిచి, గట్టిపడ్డాక డబ్బాల్లో నింపాం. ఒకదానికొకటి అతుక్కోకుండా గులకరాళ్ళలా గలగలమన్నాయి. మామ ప్రతి డబ్బా చెవి దగ్గర పెట్టుకొని ఆడించి మూత పెట్టాడు.

తర్వాత కరెంటు పెట్టడం మొదలైంది. ఆ వైద్యాన్ని పుస్తకాల్లో రేడియేషన్ అంటారు కానీ, దవాఖాన వరండాలో కూర్చునేవాళ్ళందరికీ అది కరెంటే. వారమంతా మామ, మా ఆయన దవాఖాన దగ్గర కిరాయి గదిలో ఉండి, శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చేవాళ్ళు. మొదట్లో మామ బస్సు దిగి నడిచే వచ్చేవాడు. "ఏం కాదు బిడ్డా, వెలుగు చూపెట్టి పంపిస్తుండ్రు, గంతే," అనేవాడు. పోను పోను నోరు లోపలంతా పచ్చిపుండైంది. ఉమ్ము మింగినా కళ్ళలో నీళ్ళు. అన్నం పోయింది, జావ వచ్చింది. జావ కూడా సగం గ్లాసు దగ్గర ఆగింది. చొక్కా భుజాల మీది నుంచి జారుతోంది.

ఆ శుక్రవారం మా ఆయన ఒక్కమాటే చెప్పాడు. "ఇంక బరువు తగ్గొద్దన్నడు డాక్టరు. తినకపోతే ముక్కులకెల్లి పైపు పెడ్తమన్నడు. అది గుడ వద్దంటే కరెంటు నడుమ ఆపాలె. ఆపితే ఇన్నొద్దులు పెట్టింది గుడ దండుగ."

"ముక్కుల పైపు పెట్టుకొని నేను బతుక," అన్నాడు మామ. ఆ మాట ఆయన ఉత్తగా అన్నది కాదని మా అందరికీ తెలుసు. మొండోడు రాజుకంటే బలవంతుడు అన్నది ఆయన్ని చూసే పుట్టించి ఉంటారు.

అత్తకు డబ్బాలు యాదికొచ్చాయి. చల్లటిదైతే మంట తగ్గుతుంది, మెత్తగా చేస్తే గొంతులోకి దిగుతుంది. శనివారం పొద్దున ఒక డబ్బా తీసి, ముక్కలు మిక్సీలో వేసి, ఐస్ గోలాలా మెత్తగా చేసి చిన్న గిన్నెలో ఇచ్చాను. మామ కూడా ఆశగానే చూశాడు. తాను పిండింది కదా. చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

అరవలేదు. అరవడానికి కూడా నోరు కావాలి. రెండు చేతులతో దవడలు పట్టుకొని గోడ వైపు తిరిగిపోయాడు. నా చేతిలో గిన్నె అలాగే ఉంది. ఆ పుండు మీద పులుపు పడితే ఏమవుతుందో నిమ్మకాయల మధ్య బతికిన మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. వేలికి ముల్లు గీరుకున్నప్పుడు నిమ్మరసం ఎట్లా చురుక్కుమంటుందో రోజూ అనుభవించేవాళ్ళమే మేమంతా. పులుపు మాకు పులుపులా కాదు, మంచినీళ్ళలా అయిపోయింది.

చాలాసేపటికి మామ ఇటు తిరిగాడు. "నా కాయే నన్ను కరిసింది," అన్నాడు. ఆ తర్వాత నోరు మూసుకున్నాడు. జావ వద్దు, పాలు వద్దు, నీళ్ళు కూడా వద్దు. గిన్నె చప్పుడైతే ముఖం తిప్పుకునేవాడు.

ఆదివారం పొద్దున నాకు ఓపిక నశించింది. మంచం పక్కన నిలబడి, "మామా, గంత పెద్ద ఆపరేషన్‌కు భయపడలేదు మీరు, గిప్పుడు చెంచకు భయపడతరా? మీ తోటకు నీళ్ళు ఎవలు కడ్తరు? నేను కట్టాల్నా? చెట్టేదో చెత్తేదో నాకు తెలుస్తదా?" అని గట్టిగానే అరిచాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నాకు ఏడుపొచ్చి వంటింట్లోకి పోయాను.

అక్కడ అత్త ఇడ్లీ గిన్నె పొయ్యి మీద పెట్టింది. ఇడ్లీ కోసం కాదు. రేకుల్లో కొత్తగా వచ్చిన ఆపిల్ పండ్ల ముక్కలు పేర్చి ఆవిరి పెడుతోంది.

"ఉడుకు ఆవిరి తాకితె గుడ ఎర్రబడవు. అన్ని కూరలల్ల పులుపు పోస్తమా? గిండ్ల గుడ అక్కెర లేదు." అంది.

ముక్కలు మెత్తబడకముందే దించి, చల్లటి నీళ్ళలో వేసి, నీళ్ళు వార్చి, ఫ్రిజ్ పై అరలో పరిచింది. పొద్దుటి నుంచి పళ్ళెం మీద పళ్ళెం. తొందరలో తొక్క తీస్తూ బొటనవేలు కోసుకుంది. నేను పసుపు తెస్తానంటే వద్దంది. "ఉండనీ, పనుంది దానితోని," అంది. నాకేం అర్థం కాలేదు.

మధ్యాహ్నానికి ముక్కలు గట్టిపడ్డాయి. మెత్తగా చేసి, రెండు గిన్నెల్లో పోసుకొని అత్త మంచం దగ్గరికి పోయింది. మామ ముఖం తిప్పుకున్నాడు. అత్త బతిమాలలేదు. తెగిన బొటనవేలు ఆయన కళ్ళ ముందు పెట్టి, గాయాన్ని రెండో చేతితో వత్తింది. ఎర్రగా చెమ్మ ఊరింది. ఆ వేలును ఒక గిన్నెలో ముంచింది. అట్లాగే ఉంచింది.

"చూడు. మండుతలేదు. మండితే నా మొకంల తెలువదా నీకు? ఇన్నేండ్లు చూడలేదా ఈ మొకం?"

మామ ఆ వేలు వైపు చూశాడు, ఆమె ముఖం వైపు చూశాడు. ఆయన మెల్లగా నోరు తెరిచాడు. అత్త వేలు తుడుచుకొని, రెండో గిన్నెలోంచి చెంచా కొసకు రవ్వంత తీసి నాలుక మీద పెట్టింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకొని మంట కోసం ఎదురుచూశాడు. అది రాలేదు. కళ్ళు తెరిచి, "చల్లగున్నది," అన్నాడు.

మా అత్త మీద నాకు అంతకుముందు చాలా ఫిర్యాదులుండేవి. ఆ మధ్యాహ్నం తర్వాత కూడా ఉన్నాయి కానీ, వాటిని బయటికి చెప్పుకోవడం మానేశాను.

దాని తర్వాత దారి దొరికింది. ముందు ఆపిల్ మంచు రెండు మూడు చెంచాలు. దాంతో నోరు మొద్దుబారేది. ఆ సందులో రాగిజావ, పాలల్లో మెదిపిన గుడ్డు, మీగడ, ఏది వీలైతే అది లోపలికి పంపేవాళ్ళం. సోమవారం పొద్దున థర్మాకోల్ డబ్బాలో మంచుగడ్డలు పేర్చి, నడుమ ఆపిల్ డబ్బాలు పెట్టి పంపాను. కిరాయి గది ఓనరు తన ఫ్రిజ్‌లో జాగా ఇచ్చింది. బరువు పెరగలేదు కానీ ఆగింది. పైపు మాట డాక్టరు మళ్ళీ ఎత్తలేదు. కరెంటు ఒక్కరోజు కూడా ఆగకుండా పూర్తయింది. అప్పుడు మాత్రం మందలించడానికి వచ్చేవాళ్ళకు వేడి చాయే ఇచ్చాను. పండ్లు తెచ్చేవాళ్ళు కావాలిప్పుడు మాకు. ఒకావిడ సిగ్గుపడుతూ ఉత్త చేతులతో వస్తే అత్త ముఖం చిన్నబోయింది కూడా.

పుండ్లు మానాయి. మామ అన్నం తినసాగాడు. కానీ రుచి పోయింది. కారం తెలియదు, తీపి తెలియదు. "మన్ను తిన్నట్టున్నది," అనేవాడు. వస్తుందని డాక్టరు చెప్పాడు, ఎప్పుడో చెప్పలేదు. మామ మార్కెట్‌కు పోయి వస్తూ ఒక కాయ జేబులో వేసుకొచ్చి, ఎవరూ చూడట్లేదనుకొని కోసి, నాలుకకు రాసుకొని, చెత్తబుట్టలో వేసేవాడు. బుట్ట పారబోసేది నేనే. ఎన్ని సగం కాయలు చూశానో. తినడం ఆయనకు మందు మింగినట్టయింది. పళ్ళెం ముందు కూర్చొని, రెండు ముద్దలు పెట్టుకొని, "చాలు" అని లేచేవాడు. మళ్ళీ చొక్కా వదులవుతోంది. ఆయన వదిలిన అన్నం చూస్తూ అత్త కూర్చునేది.

ఎండాకాలం ముదిరింది. ఒకరోజు పగలు ఫ్రిజ్‌లో మంచు పేరుకుపోయిందని బంద్ చేసి కరగబెడుతుంటే, అడుగున గోడకు అతుక్కుపోయి ఒక డబ్బా బయటపడింది. ఊపితే గలగలమంది. మొదట్లో మామ నిమ్మరసం పిండినవి. అత్త పారేయకుండా లోపలికి నెట్టేసింది. నేను బయట పారబోద్దామని పట్టుకొని పోతుంటే, వాకిట్లో కూర్చున్న మామ ఆ చప్పుడు గుర్తుపట్టాడు.

"ఇటు తే బిడ్డా."

"వద్దు మామా, గవి ఆనాటివి."

"తెలుసు. ఇటు తే."

అత్త వంటింట్లోంచి ఉరికొచ్చింది. "ఏందయ్యా, పిచ్చి లేసిందా?" అని చెయ్యి పట్టుకోబోయే లోపే ఆయన ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. బుగ్గన పెట్టుకొని కరగనిచ్చాడు. ఉన్నట్టుండి ఒక కన్ను మూతపడింది. పెదవులు ముడుచుకుపోయాయి. ముఖమంతా ముడతలు పడింది. అత్త నీళ్ళ చెంబు కోసం అరిచింది. నేను పరుగెత్తబోయాను.

మామ చెయ్యెత్తి ఆపాడు. గుటక వేశాడు. మూసిన కన్ను తెరిస్తే నీళ్ళున్నాయి.

"పుల్లగున్నది," అన్నాడు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "పుల్లగున్నదే! గిది మన తోట కాయ."

ఇంకో ముక్క కోసం చెయ్యి చాపాడు.