నవ్వితే కొట్టెయ్యమ్మా

గత మంగళవారం పొద్దున్న ఆమదాలవలసలో నా జెరాక్స్ కొట్టు షట్టరు ఎత్తుతుంటే ఫోను మోగింది. మాస్టారి అల్లుడు. "అక్కా, మావయ్యగారు పోయారు" అన్నాడు. ముందురోజు జావ కూడా తాగారని, పొద్దున్న లేపితే లేవలేదని చెప్పాడు. షట్టరు సగంలో వదిలేసి మెట్టు మీద కూర్చున్నాను.

మీలో చాలామందికి ఆయన పేరు తెలియకపోవచ్చు. మాటలు మాత్రం తెలుసు. జిల్లా పేజీ అడుగున, ఎడమ మూల, అగ్గిపెట్టంత గడిలో రెండు మూడు వాక్యాలు వచ్చేవి. పేపరు చేతికి రాగానే తిరగేసి ముందు అదే చదివేవారు కదా, అవి రాసింది ఆయనే. ఆయన పోయిన సాయంత్రం ఎదురెదురు పార్టీల నాయకులిద్దరూ సంతాపం తెలుపుతూ ఫోన్లలో ఆయన మాట ఒకటి పెట్టారు. ఇద్దరూ ఒకే మాట పెట్టారు. అది తమ మీద రాసిందేనని ఇద్దరికీ తట్టినట్టు లేదు.

నాకు ఆయన తొమ్మిదో తరగతిలో లెక్కలు చెప్పారు. రిటైరయ్యాక కోటబొమ్మాళి పక్కనున్న సొంతూరికి వెళ్లిపోయి పేపరుకి రాయడం మొదలుపెట్టారు. టైపు చెయ్యడం నేర్చుకోమంటే "ఈ వయసులో ఆ పలకెందుకమ్మా" అనేవారు. అందుకని వారానికి రెండుసార్లు పాసింజరు బండి దిగి, గొడుగు ఊపుకుంటూ నా కొట్టుకి వచ్చేవారు. పాత ప్రశ్నపత్రాల వెనకవైపు పెన్సిలుతో రాసి తెచ్చేవారు. నేను టైపు చేసి, పేపరువాళ్ల జిల్లా డెస్కుకి మెయిలు చేసేదాన్ని. ఇరవై రెండేళ్లు ఇదే మా పని. కొట్టులో ఉన్న ఒక్క కుర్చీలో ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. పని మీద వచ్చినవాళ్లకి ఉండాలని నిలబడే ఉండేవారు.

తుపానుకి కొట్టులోకి నీళ్లొచ్చిన ఏడాది మూడు రోజులు వరసగా వచ్చారు. జనాలవి తడిసి ముద్దయిన సర్టిఫికెట్లు ఒక్కొక్క కాగితం విడదీసి ఫ్యాను కింద ఆరేశారు. ఆ మూడు రోజుల్లో ఒక్క హాస్యం మాట కూడా ఆయన నోట రాలేదు. నేను ఏడుస్తుంటే ఏడవనిచ్చారు. ఆ మేలు నేను మరిచిపోలేదు.

రాసింది పంపేముందు ఆయనకో పద్ధతి ఉండేది. కొట్టులో ఎవరుంటే వాళ్లకి చదివి వినిపించేవారు. ఎవరూ లేకపోతే నాకు. విన్నవాళ్లు పకపకా నవ్వితే దాన్ని కొట్టేసేవారు. నవ్వబోయి ఆగిపోతే, మొహం కాస్త మాడితే, అది ఉంచేవారు. నాకిది వింతగా ఉండేది. హాస్యం రాసేవాళ్లు నవ్వించడానికే కదా రాస్తారు అని అడిగాను.

"నవ్వితే కొట్టెయ్యమ్మా" అన్నారు. "నవ్వేసినోడికి పనైపోయినట్టే. మరి దాని జోలికి రాడు. ఇంటికెల్లి అన్నం తిని తొంగుంటాడు."

ఒకసారి ఇలా రాసి తెచ్చారు: "ఎన్నికలంటే, దొంగ మన ఇంట్లోకి ఏ గుమ్మంలోంచి రావాలో మనమే వరసలో నిలబడి చెప్పడం." ఆధార్ కాపీకి వచ్చిన ఒకావిడ అది విని వేలి మీది సిరా మచ్చ కేసి చూసుకుంది. మాస్టారు తలూపి, పంపెయ్యమన్నారు.

ఇంకో రోజు తెచ్చింది ఇది: "అర్జీ ఇచ్చినవాడు ముసలివాడవుతాడు. పుచ్చుకున్నవాడు బదిలీ అవుతాడు. అర్జీ ఒక్కటే ఎప్పటికీ పడుచుగా ఉంటుంది."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. రోజూ అర్జీలు టైపు చేసే మనిషిని, నాకు తగలక ఎవరికి తగులుతుంది. కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వాను. ఆయన పెన్సిలు తీసి అడ్డంగా గీత గీయబోయారు. నేను చెయ్యి పట్టుకున్నాను.

"మాస్టారూ, ఇది కొట్టేస్తే మీకు పాపం తగులుతాది."

"ఇంతలా నవ్వేవంటే దీన్లో ఏదో తేడా ఉన్నాదమ్మా."

"ఏ తేడా నేదు. నేను పంపిస్తన్నాను" అని ఆయన చూస్తుండగానే టైపు చేసి పంపేశాను. ఆయన పెన్సిలు జేబులో పెట్టుకున్నారు. ఆ ఒక్కసారి ఆయన మాట వింటే ఎంత బాగుండేదో అని ఈ వారం రోజులుగా అనుకుంటూనే ఉన్నాను.

ఆ మాట ఎంత దూరం పోయిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. నా కొట్టులోనే దాన్ని పెద్దక్షరాల్లో వేయించుకుని పట్టుకెళ్లినవాళ్లు లెక్కలేనంతమంది. టీ కొట్ల గోడల మీద అంటించారు. ఆటోల వెనక రాయించారు. ఒక ఆఫీసులో అర్జీలు పుచ్చుకునే బల్ల పైనే అంటించి ఉంటే నేను కళ్లారా చూశాను. అర్జీ ఇచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ కలిసి నవ్వుకుంటున్నారు. నేను మురిసిపోయాను. మా మాస్టారి మాట అని పక్కవాళ్లకి చెప్పుకున్నాను కూడా.

తర్వాత ఆయన ఊరి కాలవకి కష్టమొచ్చింది. వాళ్లది ఆ కాలవకి చిట్టచివరి ఊరు. పైన గట్టు తెగి, పూడిక పేరుకుపోయి, రెండేళ్లు వరసగా నీటిచుక్క రాలేదు. ఆకుమళ్లలో నారు ఎండిపోయింది. మాస్టారికి ఉన్నది ఎకరన్నర పొలమే గానీ, ఊరంతా ఆ నీటి మీదే బతకాలి. ఊళ్లోవాళ్లంతా కలిసి సోమవారం శ్రీకాకుళం కలెక్టరాఫీసులో గ్రీవెన్సుకి వెళ్లి కూర్చుంటే పైవాళ్లు కదులుతారని ఆయన నమ్మకం. నా చేత అర్జీ టైపు చేయించి, కింద సంతకాలకి గీతలు గీయించారు. "నువ్వూ రా అమ్మా, ఇద్దరం అడిగితే కాదనరు" అని ఆదివారం నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు.

మొదటింట్లో రైతు అరుగు మీద కూర్చుని పారకి పిడి బిగిస్తున్నాడు. మాస్టారిని చూడగానే లేచి నిలబడ్డాడు.

"రండి మాస్టారూ. ఒసే, మాస్టారొచ్చేరు, మజ్జిగ పట్రా."

మాస్టారు విషయం చెప్పారు. రేపు ఏడింటికి ఆటోలు మాట్లాడానని, మనిషొక్కరు వస్తే చాలని అన్నారు. రైతు అంతా మర్యాదగా విన్నాడు.

"ఎల్తే ఏటవుతాది మాస్టారూ? మీరే రాసేరు కదా. ఇచ్చినోడు ముసిలోడైపోతాడు, పుచ్చుకున్నోడు బదిలీ అయిపోతాడు."

లోపల్నించి మజ్జిగ గ్లాసులతో వస్తూ ఆయన భార్య అందుకుంది. "అర్జీ మాత్తరం పడుచుగానే ఉంటాది."

మొగుడూ పెళ్లాం ఇద్దరూ నవ్వారు. "మా మాస్టారు ఎంత బాగా సెప్పేరో అని రోజూ అనుకుంటాం" అంది ఆవిడ. ఆ మాటలో వెటకారం రవ్వంత కూడా లేదు. పాఠం అప్పజెప్పిన పిల్లలకి మల్లే మా ఇద్దరి మొహాలూ చూస్తున్నారు.

"అది నవ్వుకోడానికి రాసింది కాదు నాయనా" అన్నారు మాస్టారు.

"మరెందుకు రాసేరు?"

మాస్టారు మజ్జిగ తాగి గ్లాసు అరుగు మీద పెట్టారు.

తర్వాతి ఇళ్లలోనూ అదే వరస. ఒకచోట మజ్జిగ, ఒకచోట టీ. ఒకాయన ఆ మాట ఆటో వెనక రాయించుకున్నానని బయటికి తీసుకొచ్చి చూపించాడు కూడా. ఎవరూ ఒక్క పరుషమైన మాట అనలేదు. ఎవరూ వస్తాననీ అనలేదు. మధ్యాహ్నానికి నలుగురు సంతకం పెట్టారు, అదీ మాస్టారిని చిన్నబుచ్చడం ఇష్టంలేక. ఎవరైనా తిట్టి పంపినా ఆయన తట్టుకునేవారు. ఊరంతా ఆయన్నే తలకెత్తుకుని ఆయన్ని కాదంటుంటే ఏం చేస్తారు.

నేను తిరిగొచ్చేటప్పుడు ఆయన నన్ను ఆటో ఎక్కించడానికి రోడ్డు దాకా వచ్చారు. "నువ్వొస్తావా అమ్మా రేపు?" అని అడిగారు.

సోమవారం కొట్టు రద్దీగా ఉంటుందన్నాను. అది అబద్ధం కాదు, అర్జీలు టైపు చేయించుకునేవాళ్లంతా ఆ రోజే వస్తారు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "అయినా ఎలాగూ అవదు కదా మాస్టారూ" అని నవ్వాను.

ఆయన నాకేసి చూసి, "సర్లే అమ్మా" అన్నారు. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

సోమవారం ఒక్కరే వెళ్లారు. అక్కడివాళ్లు అర్జీ పుచ్చుకుని రసీదు ఇచ్చారట. కొన్ని నెలలకి ఆయన ఫోనుకి ఓ మెసేజి వచ్చింది. కళ్లజోడు తేలేదని, నన్ను చదవమన్నారు. మీ అర్జీ పరిష్కరించబడినది అని ఉంది. ఇంకోసారి చదవమన్నారు, చదివాను. దాని మీద ఏదైనా రాస్తారేమోనని పక్కన ఖాళీ కాగితం పెట్టాను. ఆయన దాన్ని తాకలేదు. ఆ ఏడూ కాలవకి నీళ్లు రాలేదు.

ఆ తర్వాత కొట్టుకి రావడం మానేశారు. నేనే ఫోను చేశాను. డెస్కువాళ్లు అడుగుతున్నారు, ఏదైనా రాయండి అన్నాను.

"ఏటి రాయనమ్మా? నా మాటలు జనానికి పీటలేసేయి. కూకున్నోళ్లు లెగడం నేదు" అన్నారు.

ఆ పీట పట్టుకెళ్లి వేసింది నేను. ఆయన గీత కొట్టేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది నేను. ఈ సంగతి ఆయన ఉండగా ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. దీనివల్ల ఒరిగేదేమీ లేదని నాకూ తెలుసు.

ఆఖరిసారి ఈ ఏడు వరి ఉడుపుల కాలంలో వచ్చారు. అల్లుడు ఆటోలో తీసుకొచ్చాడు. మనిషి సగమయ్యారు. ఆ రోజు మొట్టమొదటిసారి కుర్చీలో కూర్చున్నారు. ప్రశ్నపత్రం మడత విప్పి నా చేతికిచ్చారు. వెనకవైపు ఒకటే వాక్యం ఉంది. "మా ఊరి కాలవకి నీళ్లు రావడం లేదు."

టైపు చేసి ఆగాను. "తర్వాత మాస్టారూ?"

"అంతే."

"రెండోది?"

"నేదమ్మా. పంపెయ్."

పంపేశాను. సాయంత్రం డెస్కు నుంచి కుర్రాడెవరో ఫోను చేసి, మాస్టారి ఐటెం సగమే వచ్చినట్టుంది మేడం అన్నాడు. ఉన్నది అంతేనండి అన్నాను. పంచ్ లేదు కదండీ అని నసిగి పెట్టేశాడు. మర్నాడు ఆ గడిలో బోర్లు తవ్వేవాళ్ల ప్రకటన వేశారు.

ఆ పొద్దున్నే మాస్టారి ఊరి రైతు ఒకాయన పట్టాదారు పాసుపుస్తకం జెరాక్సుకి వచ్చాడు. కాలవ చివర రెండెకరాలున్న మనిషి. నా బల్ల మీది పేపరు తీసి, తిరగేసి, మూలకి చూసి, "ఇయాల మాస్టారిది రానేదేటమ్మా?" అన్నాడు.

"పంపించారు. వాళ్లు వెయ్యలేదు."

"ఏటి రాసేరు? సెప్పు, సెప్పు."

"మా ఊరి కాలవకి నీళ్లు రావడం లేదు అని రాశారు" అన్నాను.

ఆయన పేపరు చంకలో పెట్టుకుని, నవ్వడానికి నోరు కాస్త తెరిచి, మిగతాది చెబుతానని నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.