ఎంగిలి బేరింగులు

పుట్టపర్తి జిల్లా కేంద్రమైన ఏడాది, అంటే 2022లో, నేను ముదిగుబ్బ, కదిరి మధ్య ఉన్న ఒక శిక్షణ సంస్థలో డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. హోదా వినడానికి పెద్దదే గానీ, చేసే పని టర్నరు విభాగంలో పిల్లలకు లేతు నేర్పడం. ఇనుప కడ్డీని గిరగిర తిప్పుతూ, పదునైన ఉలిని ఆనించి, కావలసిన కొలతకు చెక్కే యంత్రం లేతు. మా దగ్గర పని చేసే లేతు ఒక్కటే ఉండేది.

దసరాకు నెల ముందు మా ప్రిన్సిపాల్ గారికి పై ఆఫీసు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. జిల్లా కేంద్రంలో కొత్తగా పెట్టబోయే శిక్షణ కేంద్రానికి చుట్టుపక్కల సంస్థల్లో వాడకుండా పడి ఉన్న యంత్రాలను తరలిస్తారట. అలాంటి వాటిని 'మిగులు' అంటారు. ఆ జాబితాలో మా లేతు కూడా ఉంది. లేతు పోతే టర్నరు విభాగం ఎత్తేసినట్టే. గొర్రెలు కాసే ఇళ్ళ నుంచి, శెనక్కాయ చేల నుంచి రోజూ బస్సెక్కి వచ్చే మా పిల్లలు దూరం పోయి చదవరు. మానేస్తారు.

లేతు రోజూ తిరుగుతోందని ప్రిన్సిపాల్ గారు తనిఖీ అధికారికి ఫోనులో చెప్పారు. ఆయన నమ్మలేదు. "దసరా సెలవులయ్యాక తనిఖీకి వస్తాను, దాని మీద చేసిన వస్తువొకటి చూపించండి. బోల్టులు మాత్రం వద్దు, అవి బజార్లో దొరుకుతాయి" అన్నారట.

చిన్న ఇంజన్లు చేయడం నాకు అప్పటికే అలవాటు. ఇంట్లో బల్ల మీద చేసుకునే సరదా పని. అందుకని ఆ వస్తువు వేడిగాలి ఇంజనే కావాలని నిర్ణయించాను. దానికి పెట్రోలు అక్కరలేదు, ఆవిరీ అక్కరలేదు. వేడి నీళ్ళ గ్లాసు మీద పెడితే లోపలి గాలి వ్యాకోచించి, చల్లారి, ముషలకాన్ని, అంటే పిస్టన్ను, ఆడిస్తుంది. చక్రం తిరుగుతుంది. ఆ గాలికి ఉండే బలం ఊదితే కదిలే కాగితానికి సరిపోయేంత. ఇరుసు దగ్గర కొంచెం రాపిడి ఉన్నా ఇంజను కదలదు. కాబట్టి చాలా చిన్నవి, చాలా తేలిగ్గా తిరిగేవి రెండు బేరింగులు కావాలి. చవకగా కూడా కావాలి, ఎందుకంటే ఖర్చు నాది.

మొదట పద్ధతి ప్రకారం స్టోరు నుంచి అడుగుదామనుకున్నాను. మా స్టోర్ కీపరు రంగప్ప నా వయసువాడే. భక్తుడు, నోరు జాస్తి. స్టోరు నుంచి ఏ వస్తువు కావాలన్నా ఇండెంటు రాయాలి, స్టాకులో లేకపోతే మూడు అంగళ్ళ నుంచి ధరలు తెప్పించాలి.

"ఒక అంగట్లోనే దొరకని దానికి మూడు అంగళ్ళ రేట్లు నేను యాడ తేవాల సార్?" అన్నాడు రంగప్ప.

ధర్మవరం పోయాను. బస్టాండు దగ్గర విడిభాగాల అంగడి సెట్టిగారికి నా కొలత గీసి చూపించాను. ఆయన కాగితాన్ని దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు.

"ఈడ బోరు మోటరుకుండాయి, ట్రాక్టరుకుండాయి, ఆటోకుండాయి. మీ సైజు చూస్తాంటే చీమకు బండి కట్టిస్తాండారేమో అనిపిస్తాండాది సార్."

ఆయన దగ్గరున్న అతి చిన్నది 608 నంబరు బేరింగు. పిల్లల స్కేటింగు చక్రాల్లో ఉండేది అదే. దాంట్లో నిండుగా కూరిన గ్రీజు, రెండు పక్కలా రబ్బరు మూతలు. నా ఇంజను దాన్ని జన్మలో తిప్పలేదు. వేళ్ళ మధ్య తిప్పుకునే స్పిన్నరు బొమ్మల్లో చిన్నవి ఉంటాయని ఎవరో చెబితే కదిరిలో ఒకటి కొని విప్పాను. అందులోనూ 608. ఆ బొమ్మను బిగించి రంగప్పకిచ్చాను. స్టాఫు మీటింగులో దాన్ని తిప్పుతూ దొరికిపోయి, స్టాకు పరీక్షిస్తున్నానని ప్రిన్సిపాల్ గారికి చెప్పాడు. ఆన్‌లైన్‌లో చూస్తే, చవకైనవి దసరా దాటితే గానీ రావు. త్వరగా వచ్చేవి చవక కావు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం మా ఊరి బస్టాండులో నిలబడి ఉంటే పైఅంతస్తు నుంచి సన్నని ఈల లాంటి మోత వినిపించింది. మోత మధ్యలో గరగర. ముప్పై ఏళ్ళకు పైగా యంత్రాల పక్కన నిలబడిన చెవికి ఆ గరగర అర్థమవుతుంది. బేరింగు అరిగింది. అదీ చాలా చిన్న బేరింగు. బస్సు వదిలేసి మెట్లెక్కాను.

పైన పళ్ళ ఆసుపత్రి. కొత్తగా పెట్టింది. డాక్టరు హసీనా గారు, ముప్పై ఏళ్ళుంటాయి, ఖాళీ కుర్చీ పక్కన నిలబడి చేతి యంత్రాన్ని ఉత్తగా తిప్పి చూసుకుంటున్నారు. పేషెంట్లెవరూ లేరు.

"అమ్మా, మీ యంత్రంలో బేరింగు పోయింది" అన్నాను.

"తెలుసు. మీకు ఏ పన్ను నొప్పి?"

"పన్ను కాదమ్మా, నాకు బేరింగు కావాల."

"ముందు కుర్చీలో పడుకోండి. నిలబడిన మనిషితో మాట్లాడే అలవాటు నాకు పోయింది."

మర్యాద కోసం పడుకున్నాను. అది పొరపాటు. లైటు వేసి నోరు తెరవమన్నారు. నోరు తెరిచి ఉన్న మనిషి ప్రశ్నలు వేయలేడు కాబట్టి ఆమే చెప్పుకుపోయారు. పన్ను అరగదీసే ఈ యంత్రాన్ని గాలి తిప్పుతుందట. కొంచెం ఊగినా పన్ను పగులుతుంది కాబట్టి బేరింగులు మార్చేస్తారట. తీసేసినవి ఒక డబ్బాలో పడి ఉన్నాయట. ఆమెకు పనికిరానివి నాకు కొత్తవాటి కంటే మేలు. గ్రీజు లేదు, మూత లేదు, ఊదితే తిరుగుతాయి.

"బేరింగులకు దుడ్లు వద్దు" అన్నారు. "కానీ కుడివైపు కింది దవడపన్ను పూర్తిగా పుచ్చిపోయినాది. అది తీయాల. దానికీ దుడ్లు వద్దు. మీలాంటి పెద్దమనిషి నవ్వుతా ఈ మెట్లు దిగితే, బస్టాండులో నలుగురు చూస్తారు. ధైర్యం చేసి ఒకరన్నా ఎక్కుతారు."

దసరా సెలవుల్లో వస్తానని మాట ఇచ్చి, శుభ్రంగా కాచిన రెండు బేరింగులు జేబులో వేసుకుని బయటపడ్డాను.

ఇంటికొచ్చి కొలిస్తే వాటి లోపలి రంధ్రం అంగుళంలో ఎనిమిదో వంతు. మన బజార్లో కడ్డీలన్నీ మిల్లీమీటర్లలో ఉంటాయి. మూడు మిల్లీమీటర్లది వదులు, నాలుగుది దూరదు. అంటే ఇరుసును లేతు మీద చెక్కి తీరాలి. నాకు సంతోషమేసింది. లేతు లేకుండా ఈ ఇంజను పుట్టదని ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి! ఆయుధ పూజకు రెండు రోజుల ముందే ఇంజను తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. రంగప్ప ఒక్కడే ముఖం ముడుచుకున్నాడు.

"ఎవరెవరి నోళ్ళల్లో తిరిగినవో ఏమో సార్. ఎంగిలి కదా!"

నేను పట్టించుకోలేదు. సెలవులకు ముందు వర్కుషాపులో ఆయుధ పూజ జరిగింది. లేతుకు, డ్రిల్లింగు యంత్రానికి, బెంచీ వైసులకు పసుపు, కుంకుమ, బంతిపూల మాల. చివరన నా ఇంజను. ఈ అలంకారం పని ప్రతి ఏటా రంగప్పదే.

సెలవుల చివరి రోజు మాట ప్రకారం పన్ను తీయించుకున్నాను. వేరు వంకర తిరిగి ఉండటంతో డాక్టరమ్మకు చాలాసేపు పట్టింది. నోట్లో దూది కుక్కి, రేపంతా మాట్లాడొద్దన్నారు. నేను మెట్లు దిగుతుంటే పైనుంచి కేకేశారు: "నవ్వుతా పోండి సార్, బస్టాండంతా చూస్తాండాది!" సగం ముఖం మొద్దుబారి ఉంది. మిగతా సగంతో ప్రయత్నించాను. కింద నిలబడిన ఒకాయన పిల్లవాణ్ణి ఎత్తుకుని పక్కకు జరిగాడు.

ఆ రాత్రే ప్రిన్సిపాల్ గారు ఫోను చేశారు. వారం తర్వాత రావలసిన తనిఖీ రేపటికి మారిందట. నేను 'ఊ' అన్నాను. అంతకంటే ఏమీ అనలేను.

పొద్దున్నే సంస్థకు పోయి ఇంజను చక్రాన్ని వేలితో తోశాను. కదలలేదు. భూతద్దం పెట్టి చూస్తే బేరింగుల్లో గుండ్ల మధ్య పచ్చగా, గట్టిగా ఏదో పట్టేసి ఉంది. రంగప్ప వైపు చూశాను.

"పసుపునీళ్ళు సార్" అన్నాడు. "ఎంగిలి వస్తువు పూజలో పెట్టకూడదు కదా. అందుకని లోపల దాకా పోయేట్టు పోసినా. మీద కుంకుమ, కొబ్బరినూనె కలిపి పెట్టినా. బాగా పట్టింది."

బాగానే పట్టింది. డాక్టరమ్మ నన్ను మాట్లాడొద్దనడం రంగప్ప అదృష్టం. అతని మోపెడు నుంచి పెట్రోలు తీయించి గ్లాసులో పోశాను. బేరింగులను అందులో కడగాలంటే ముందు ఇరుసు ఊడిరావాలి. అది రావడం లేదు. నేను చిన్న చెక్కసుత్తి కోసం తిరిగేలోపు రంగప్ప ఇనుప సుత్తితో సాయం చేశాడు. బేరింగులు బతికాయి, గ్లాసులో వేశాను. ఇరుసు వంగింది.

సరిగ్గా అప్పుడు ప్రిన్సిపాల్ గారి వెంట తనిఖీ అధికారి గారు లోపలికి వచ్చారు. కోస్తా వైపు మనిషి. బంతిపూల మాలతో, నిలువు బొట్లతో ఉన్న లేతు ముందు ఆగారు.

"బొట్టయితే పెట్టారు. ఎప్పుడైనా పని పెట్టారా?"

ప్రిన్సిపాల్ గారు నన్ను చూశారు. నేను వాచిన బుగ్గతో 'ఊ' అన్నాను.

"రోజూ పెడతాం అంటాండాడు సార్" అని రంగప్ప అందుకున్నాడు.

"ఈయనకేమైంది?"

"పన్ను పీకించుకున్నాడు సార్. ఈ బేరింగులకు."

"బేరింగులకా?"

"పంటి డాక్టరమ్మ దగ్గర రెండు బేరింగులు తెచ్చినాడు, ఒక పన్ను ఇచ్చినాడు. ఎంగిలి నేను తీసినా. అప్పటి నుంచి ఇంజను పలకడం లేదు."

అధికారి గారు పెట్రోలు గ్లాసులోకి వంగి చూశారు. ఇక ఆలస్యం చేయకూడదనుకుని లేతు మీద మాల తీసి రంగప్ప మెడలో వేశాను. ఇంకెక్కడా పెట్టడానికి చోటు కనబడలేదు.

కొత్త ఇరుసు కోసం ఇంకో కడ్డీని తీసి, దాన్ని పట్టి తిప్పే చక్కులో బిగించి, రెండో కొనను టెయిల్‌స్టాకుతో పట్టించాను. సన్నని కడ్డీతో చిక్కేమిటంటే, ఉలి గట్టిగా తగిలితే అది వెనక్కి వంగి, నడుమ లావుగా మిగిలిపోతుంది. అందుకే వెంట్రుక మందాన తీసుకుంటూ పోవాలి, ప్రతిసారీ మైక్రోమీటరుతో కొలవాలి. పూజ కుంకుమ చక్కు మీద నుంచి ఎగిరి నా చొక్కా మీద, అధికారి గారి చొక్కా మీద పడింది. ఆయన పక్కకు జరగలేదు. చివర సన్నని గరుకు కాగితంతో రుద్దాను. పెట్రోలులో శుభ్రపడిన బేరింగులో ఇరుసు నూనె లేకుండానే జారి కూర్చుంది. మైక్రోమీటరు ఆయన చేతికిచ్చాను. ఆయనే కొలుచుకున్నారు.

ఇంజను బిగించేసరికి వేడి నీళ్ళు లేవు. అధికారి గారి కోసం వచ్చిన టీ గ్లాసు కనబడింది. దాని మీద పెట్టి చక్రాన్ని ఒక్కసారి తోశాను. ఒక చుట్టు, రెండు చుట్లు, ఆగుతుందేమో అనిపించింది. ఆగలేదు. వేగం అందుకుంది.

"నా టీ ఏది?" అని ఆయన కొంతసేపటికి అడిగారు.

"ఇంజను తాగుతాండాది సార్" అన్నాడు రంగప్ప, మెడలో మాలతో.

టీ చల్లారే వరకు ఇంజను తిరిగింది. ఆయన అంతవరకూ నిలబడి చూసి, ఆ చల్లారిన టీనే తాగి, జాబితా తెప్పించుకుని లేతు పేరు కొట్టేశారు. కారెక్కబోతూ వెనక్కి తిరిగారు. "ఆ డాక్టరు గారి దగ్గర ఇలాంటి బేరింగులు ఇంకా ఉన్నాయా? మా అబ్బాయికి ఒక ఇంజను చేసిద్దామని."

"ఉండాయి సార్" అన్నాడు రంగప్ప. "మీకు పళ్ళెన్నుండాయి?"

ఆ లేతు ఇప్పటికీ అక్కడే తిరుగుతోంది. నేను మరుసటి ఏడాది రిటైరయ్యాను. డాక్టరమ్మకు ఇప్పుడు టోకెన్లు ఇచ్చేంత మంది వస్తున్నారు. నా నవ్వు వల్ల కాదని ఆమే చెప్పారు.

ఆ పనిలో నేను నేర్చుకున్నవి రెండే. మొదటిది, చిన్న ఇంజనుకు కొత్త బేరింగు కంటే, అరిగి శుభ్రంగా ఉన్న పాత బేరింగు మేలు; దాని లోపల గ్రీజూ ఉండకూడదు, పసుపూ ఉండకూడదు. అందుకే ఆయుధ పూజకు ముందు ఇంజను మీద ప్లాస్టిక్ సంచి కప్పి, బొట్టు ఆ సంచికి పెట్టించాలి. రెండోది, విడిభాగం ఉచితంగా ఇస్తామన్న మనిషి వృత్తి ఏమిటో మెట్లెక్కక ముందే ఆలోచించుకోవాలి.

ఈ మధ్య ఇంట్లో రెండు చక్రాల ఇంజనొకటి మొదలుపెట్టాను. దానికి నాలుగు బేరింగులు కావాలి. ఎడమవైపు పైపన్ను ఒకటి కొంచెం కదులుతోంది. ఇంకా ఎవరికీ చెప్పలేదు.